నార్వే బిషప్ బెర్గ్‌గ్రావ్ 1942లో రాజీనామా చేశాక కూడా బిషప్‌గానే ఎలా కొనసాగారు?

ప్రశ్న: మంగళగిరి రీడర్

అందరికీ వందనాలు. అక్టోబరు 31 సంస్కరణ దినానికి మా సంఘంలో 30 నిమిషాల ప్రసంగం ఉంది. ఏటా విట్టెన్‌బర్గ్, 95 సిద్ధాంతాలు, వర్మ్స్ సభ దగ్గరే ఆగిపోతున్నామని, ఈసారి ఇరవయ్యో శతాబ్దపు లూథరన్ బిషప్ ఒకరి గురించి చెప్పమని యూత్ వాళ్లు అడిగారు. నార్వే బిషప్ ఐవిన్ బెర్గ్‌గ్రావ్‌ని ఎంచుకున్నాం.

దొరికిన చిన్న వ్యాసాలన్నీ "నాజీలను ఎదిరించిన బిషప్, మూడేళ్లు ఖైదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి. 1942 ఫిబ్రవరిలో బిషప్‌లు అందరూ రాజీనామా చేశారంటారు. కానీ తర్వాత కూడా జనం వాళ్లనే బిషప్‌లుగా చూశారంటారు. రాజీనామా చేశాక బిషప్ ఎలా అవుతారు? ఏం వదిలేశారు, ఏం ఉంచుకున్నారు? పాస్టర్లు కూడా వదిలేస్తే బాప్తిస్మాలు, సంస్కారం, పెళ్లిళ్లు ఎవరు జరిపించారు? ఆయనను ఎందుకు చంపలేదు? పాలకులకు లోబడమని చెప్పే రోమా 13వ అధ్యాయం చదివి పెరిగిన లూథరన్లు దీనిని ఎలా సమర్థించుకున్నారు? యూదుల విషయంలో ఆ చర్చి ఏం చేసింది? ఈ చివరి ప్రశ్న యూత్ వాళ్లు తప్పకుండా అడుగుతారు. తెలిసినవాళ్లు తేదీలతో సహా చెప్పగలరా?

---

జవాబు: పాత రికార్డులు

ముందు ఆయన ఉద్యోగ క్రమం చెబుతానండి. 1942లో ఆయన చేసిన పనికి కావలసిన అనుభవమంతా అందులోనే ఉంది.

1884 అక్టోబరు 25న స్టవాంగర్‌లో పుట్టారు. అప్పటి ఇంటిపేరు జెన్సెన్. తండ్రి ఓట్టో జెన్సెన్ పాస్టర్. 1906-07లో ప్రభుత్వంలో చర్చి, విద్యా శాఖల మంత్రి. 1917లో హామర్ బిషప్ అయ్యారు. అంటే మంత్రి కుర్చీ, బిషప్ కుర్చీ రెండూ తన ఇంట్లోనే చూసిన మనిషి ఈయన. సర్కారు కాగితం ఎలా కదులుతుందో ఎవరూ నేర్పనక్కరలేదు.

1908లో వేదాంత విద్య పూర్తయింది కానీ వెంటనే పాస్టర్ కాలేదు. పదేళ్ల పాటు టీచరు. గ్రామీణ యువత చదువుకునే వసతి పాఠశాలల్లో, టీచర్ల శిక్షణ కళాశాలలో పని చేశారు. 1909 నుంచి చనిపోయేదాకా ఒక చర్చి-సంస్కృతి పత్రికకు సంపాదకులు. 1919లో ఓస్లోకు ఉత్తరాన హుర్డాల్ అనే చిన్న పారిష్‌కి పాస్టర్. 1924 నుంచి 1928 దాకా ఓస్లో జైలులో చాప్లిన్. మధ్యలో, 1925లో, మనిషిలో మతానుభవం ఎక్కడ మొదలవుతుందన్న విషయం మీద డాక్టరేట్.

1928లో హోలోగలాండ్ బిషప్‌గా నియమించారు. నార్వే ఉత్తర కొస అంతా ఈ డయోసిస్ కిందే. కేంద్రం ట్రోమ్సో. పారిష్‌లకు పడవల మీద తిరగాలి. శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు కనిపించడు. సామీ జాతివాళ్లు, పాస్టర్ల కంటే తమ సొంత బోధకులనే ఎక్కువ నమ్మే ఉజ్జీవ సంఘాలవాళ్లు అక్కడి విశ్వాసులు. బిషప్ అంటే గౌరవం దానంతటదే రాదు, సంపాదించుకోవాలి. 1937లో ఓస్లో బిషప్ అయ్యారు. నార్వేలో ఆర్చిబిషప్ పదవి లేదు. ఓస్లో బిషప్ మిగతావాళ్లలో మొదటివాడు, అంతే. వాళ్లకు ఆజ్ఞలు ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఇది గుర్తుంచుకోండి. 1942లో ఏడుగురు బిషప్‌లూ ఒకే మాట మీద నిలబడ్డారంటే ఒకరు ఆజ్ఞాపించినందువల్ల కాదు, ఏడుగురినీ కూర్చోబెట్టి ఒప్పించినందువల్ల.

ఇంకొకటి. ఆయన స్వభావరీత్యా తిరుగుబాటుదారు కాదు, రాజీ కుదిర్చే మనిషి. 1939-40 చలికాలంలో యుద్ధం ఆపే మార్గం వెతుకుతూ లండన్‌లో బ్రిటన్ విదేశాంగ మంత్రి హాలిఫాక్స్‌ను, బెర్లిన్‌లో నాజీ నాయకుడు గోరింగ్‌ను కలిశారు. ఏమీ తేలలేదు. అలాంటి మనిషి చివరికి "ఇక మాటల్లేవు" అన్నప్పుడు, అది ఆవేశంతో అన్నమాట కాదని శత్రువుకు కూడా అర్థమైంది.

---

జవాబు: మెట్ల మీద గ్రంథాలయం

రాజీనామా సంగతి నేను చెబుతాను. దీనికి ముందు అప్పటి నార్వేలో పాస్టర్ అంటే ఏమిటో తెలియాలి. మన అలవాటుతో చూస్తే తప్పు అర్థమవుతుంది.

అక్కడ అప్పుడు చర్చి రాజ్యానిదే. రాజ్యాంగం 2వ అధికరణ ప్రకారం లూథరన్ మతం రాజ్యమతం. 16వ అధికరణ ప్రకారం ఆరాధన క్రమాన్ని నిర్ణయించేది రాజు. బిషప్‌ను, పాస్టర్‌ను నియమించేది మంత్రివర్గంతో కూడిన రాజు. జీతం ఖజానా నుంచి. ఉండే ఇల్లు సర్కారుది. జనన, మరణ, వివాహ రికార్డులు రాసేది పాస్టరే, అవే దేశానికి అధికారిక రికార్డులు. అంటే ఒక మనిషి మీద రెండు పనులున్నాయి. ఒకటి రాజు ముద్రతో వచ్చిన ఉద్యోగం. రెండోది బలిపీఠం ముందు చేతులుంచి ఇచ్చిన అభిషేకం. నాలుగు వందల ఏళ్లుగా ఈ రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి ఎవరూ వాటిని విడదీసి చూడలేదు. బెర్గ్‌గ్రావ్, ఆయన తోటివాళ్లు వాటిని విడదీశారు. 1942 ఫిబ్రవరి 24న ఏడుగురు బిషప్‌లు ఇచ్చిన లేఖల సారాంశం ఇది: రాజ్యం ఇచ్చినది రాజ్యానికి తిరిగి ఇచ్చేస్తున్నాను. ప్రభువు బలిపీఠం దగ్గర అభిషేకంతో వచ్చిన పిలుపు నాదే, దానిని రాజ్యం ఇవ్వలేదు, తీసుకోనూ లేదు.

కాబట్టి వదిలేసినవి జీతం, అధికారిక పదవి, మంత్రిత్వ శాఖతో ఉత్తర ప్రత్యుత్తరాలు, సర్కారు తరఫున చేసే పాలన పని. ఉంచుకున్నవి వాక్యం బోధించడం, బాప్తిస్మం, ప్రభు సంస్కారం, రోగుల దర్శనం, సమాధి కార్యక్రమం, సంఘాలను కాయడం.

ఇలా కాకుండా ఇంకెలా చేసినా దెబ్బ తినేవారు. పూర్తిగా పని మానేస్తే, అంటే సమ్మె చేస్తే, శిక్ష పడేది పాలకులకు కాదు, సంస్కారం లేకుండా చనిపోయే ముసలివాళ్లకు. ఉద్యోగంలోనే ఉండి నిరసన లేఖలు రాస్తూ పోతే, మంత్రిత్వ శాఖ ఒక్కొక్కరినీ తీసేసి తన మనిషిని పెట్టుకునేది. చర్చి బోర్డు అదే, తలుపు అదే, లోపల బోధ మారిపోయేది. జర్మనీలో 1933 నుంచి చాలా ప్రాంతాల్లో జరిగింది ఇదే. విడిపోయి కొత్త సంఘం పెట్టుకుంటే, "అసలు నార్వే చర్చి మాదే" అనే మాటను ప్రత్యర్థికి ఉచితంగా ఇచ్చినట్టు. వీళ్లు ఎక్కడికీ వెళ్లలేదు. చర్చి మేమే, రాజ్యమే చట్టం తప్పి చర్చిని వదిలి వెళ్లిపోయింది అన్నారు.

ఇది ఒక్క రోజులో పుట్టిన ఆలోచన కాదు. తేదీలు వరుసగా చూడండి.

1940 ఏప్రిల్ 9న జర్మన్ దాడి. సెప్టెంబరు 25న జర్మన్ కమిషనర్ టెర్బోవెన్, నార్వే నాజీ నాయకుడు క్విస్లింగ్ పార్టీ తప్ప మిగతా పార్టీలను రద్దు చేసి, శాఖలకు తన మంత్రులను పెట్టాడు. చర్చి శాఖ స్కాంకెకి దక్కింది. ఆ అక్టోబరులోనే చర్చిలోని ఎదురెదురు వర్గాలు కలిసి ఒక ఉమ్మడి సలహా మండలి పెట్టుకున్నాయి. నా లెక్కలో అన్నిటికన్నా కీలకమైన అడుగు ఇదే. ఒకపక్క బెర్గ్‌గ్రావ్, ఉదారవాది అని పేరు. మరోపక్క ప్రొఫెసర్ ఉలె హాలెస్‌బీ, సంప్రదాయవాదులకు పెద్ద దిక్కు. ఏళ్ల తరబడి ఒకరినొకరు నమ్మని శిబిరాలు. విశ్వాసుల ఉజ్జీవ సంఘాల నుంచి లుద్విగ్ హోప్ వచ్చారు. ఈ కలయిక లేకపోతే పాలకులు ఒక శిబిరాన్ని బుజ్జగించి రెండోదాన్ని నలిపేసేవారు.

1940 డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు రాజీనామా చేశారు. అదే నెలలో, పాస్టర్లకు విశ్వాసులు చెప్పుకున్న రహస్యాలను పోలీసులు అడిగితే చెప్పాలని ఉత్తర్వు వచ్చింది. 1941 జనవరిలో బిషప్‌లు స్కాంకెకి మూడు అంశాలతో లేఖ రాశారు: వీధుల్లో పార్టీ దళాల దౌర్జన్యం, న్యాయమూర్తుల రాజీనామా, విశ్వాసుల రహస్యాలు బయటపెట్టకూడదన్న పాస్టర్ల ప్రమాణం. సరైన జవాబు రాకపోవడంతో ఫిబ్రవరిలో ఆ ఉత్తర ప్రత్యుత్తరాలనే జోడించి, ఏడుగురి సంతకాలతో సంఘాలకు కాపరి లేఖ పంపారు. ప్రసంగ పీఠాల మీద చదివారు. గమనించండి, మొదట గొడవ జర్మనీ మీద కాదు, చట్టం మీద. రాజ్యం తన చట్టాన్ని తానే తొక్కితే చర్చి ఊరుకోదు అన్న ఒక్క మాటనే పట్టుకున్నారు.

1942 ఫిబ్రవరి 1న క్విస్లింగ్ మంత్రి-అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. అదే రోజు ట్రాండ్‌హైమ్‌లోని నిదరోస్ కెథడ్రల్‌లో ఉదయ ఆరాధనను పార్టీ పాస్టర్ చేతికి ఇచ్చారు. కెథడ్రల్ డీన్ ఆర్నె ఫ్యెల్‌బు మధ్యాహ్నం 2 గంటలకు ఆరాధన పెట్టారు. పోలీసులు జనాన్ని లోపలికి రానివ్వలేదు. వేలమంది ఎముకలు కొరికే చలిలో బయటే నిలబడి లూథర్ పాట పాడారు. మన కీర్తనల పుస్తకంలో "మా కర్త గట్టి దుర్గము" అని ఉన్నది అదే పాట. ఆ నెల మూడో వారంలో ఫ్యెల్‌బును ఉద్యోగం నుంచి తీసేశారు. దానికి జవాబే 24వ తేదీ రాజీనామాలు.

ఇదే సమయంలో 10 నుంచి 18 ఏళ్ల పిల్లలందరూ పార్టీ యువజన సంఘంలో చేరాలని చట్టం, టీచర్లకు నిర్బంధ సంఘం వచ్చాయి. అత్యధిక శాతం టీచర్లు చేరబోమని రాశారు. సుమారు 1,100 మందిని అరెస్టు చేసి, అందులో కొన్ని వందల మందిని ఉత్తర కొసనున్న కిర్కెనెస్‌కి పంపారు. తల్లిదండ్రుల నుంచి లక్షకు పైగా నిరసన ఉత్తరాలు శాఖకు చేరాయి. చర్చి పోరాటాన్ని విడిగా చెబితే సగమే చెప్పినట్టు. బడి, ఇల్లు, గుడి మూడూ కలిసి కదిలాయి.

ఇక పాస్టర్లు. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. "చర్చి పునాది" అనే ఒప్పుకోలు పత్రాన్ని దేశమంతటా చర్చిల్లో చదివి, చదివిన పాస్టర్ తానూ రాజ్య పదవి వదిలేస్తున్నానని ప్రకటించారు. పది మందిలో తొమ్మిది మందికి పైగా అలా చేశారు. పత్రంలో ఆరు భాగాలు: దేవుని వాక్యానికి ఉన్న స్వేచ్ఛ, చర్చి-అభిషేకం, చర్చిలో ఒకరికొకరు కట్టుబడి ఉండడం, పిల్లల పెంపకంలో తల్లిదండ్రుల, చర్చి హక్కు-బాధ్యత, అధికారులతో క్రైస్తవుల సంబంధం, చివరగా రాజ్యచర్చి. నాలుగో భాగం ఎందుకు ఉందో పైన చెప్పిన యువజన చట్టం చూస్తే తెలుస్తుంది.

---

ప్రశ్న: మంగళగిరి రీడర్

చాలా కృతజ్ఞతలు సార్. రెండు చిన్న సందేహాలు. జీతం పోయాక పాస్టర్ల ఇల్లు ఎలా గడిచింది? ఖాళీ అయిన పదవుల్లో పాలకులు తమ మనుషులను పెట్టలేదా? మా యూత్‌కి ముందు వచ్చే ప్రశ్న ఇదే: "సాలరీ ఎవరిచ్చారు?"

---

జవాబు: మెట్ల మీద గ్రంథాలయం

సంఘాలే ఇచ్చాయి. విరాళాలు పోగు చేసి రహస్యంగా పాస్టర్ కుటుంబాలకు చేర్చారు. అప్పటిదాకా నార్వే సంఘాలకు పాస్టర్ జీతం తమ బాధ్యత అనే అలవాటే లేదు. మన దగ్గర కానుక సంచిలో వేసే డబ్బుతో పాస్టర్ జీతానికి ఉన్న సంబంధం వాళ్లకు కొత్త. అందుకే ఇది పెద్ద విషయం.

పాలకులు తమ మనుషులను పెట్టారు. ఓస్లోలో బెర్గ్‌గ్రావ్ స్థానంలో లార్స్ ఫ్రోయ్‌లాండ్ అనే పార్టీ పాస్టర్‌ను బిషప్‌ను చేశారు. మిగతా చోట్లా అంతే. కానీ జనం రాలేదు. తాళాలు, రికార్డు పుస్తకాలు, జీతం అన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి, విశ్వాసులు మాత్రం రాజీనామా చేసిన అయ్యగారి వెంట వెళ్లారు. గొడవ చేస్తున్న పాస్టర్లను సొంత పారిష్ నుంచి బహిష్కరించారు, కొందరిని మ్యోసా సరస్సులోని హెల్గోయా దీవిలో ఉంచారు.

1942 జులైలో బయట మిగిలినవాళ్లు "తాత్కాలిక చర్చి నాయకత్వం" ఏర్పడిందని ప్రకటించారు. బెర్గ్‌గ్రావ్ అప్పటికే నిర్బంధంలో ఉన్నారు కనుక హాలెస్‌బీ ముందుండి నడిపారు. 1943లో ఆయననూ, హోప్‌నూ అరెస్టు చేసి గ్రీని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అయినా పని ఆగలేదు. ఒకరు పోతే ఇంకొకరు అందుకునేలా ముందే అమర్చుకున్నారు.

---

జవాబు: ఆగ్స్‌బర్గ్ 28

రోమా 13 గురించి. ప్రసంగంలో ఈ భాగం తొందరపడి దాటేయకండి. లూథరన్ల మీద లోకం వేసే పెద్ద నింద ఇదే కదా, పాలకుడు ఏం చేసినా తల వంచుతారని.

బెర్గ్‌గ్రావ్ 1941లో ఒక ఉపన్యాసం తయారు చేసుకుని చిన్న చిన్న సభల్లో చెప్పారు. అందులో వాదనంతా లూథర్ నుంచే తెచ్చారు. బండి తోలేవాడికి పిచ్చెక్కితే పక్కన కూర్చున్నవాడు పగ్గాలు లాక్కోవాలి, "తోలేవాడికి లోబడాలి" అని కూర్చోకూడదు. లోబడమన్నది అధికారానికి. చట్టాన్ని తొక్కేవాడు అధికారి కాడు, బలవంతుడు మాత్రమే. అలాంటివాడికి ఎదురు చెప్పడం రోమా 13ను మీరడం కాదు, దాన్ని నిలబెట్టడం.

ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు తెరిచి 16, 28 అధికరణలు చదివి వినిపించండి. మన సంఘాలూ నార్వే చర్చీ రెండూ ఒప్పుకునేది ఈ పత్రాన్నే. 16 ఏమంటుంది? పాలకులకు లోబడాలి, పాపం చేయమని ఆజ్ఞాపిస్తే తప్ప. అక్కడ అపొస్తలుల కార్యములు 5:29 ఉంది, మనుషులకు కాదు దేవునికే లోబడాలన్న మాట. 28 ఏమంటుంది? బిషప్ అధికారమంటే సువార్త బోధ, సంస్కారాలు, పాపక్షమాపణ. కత్తి అధికారం వేరు, రెండింటినీ కలపకూడదు. బిషప్‌కి లోకాధికారం ఏదైనా ఉంటే అది మానవ హక్కుతో వచ్చింది, సువార్తతో కాదు. 1530లో రాసిన ఈ వాక్యాన్ని 1942లో అక్షరాలా అమలు చేశారు. మానవ హక్కుతో వచ్చింది తిరిగి ఇచ్చేశారు, సువార్తతో వచ్చింది ఉంచుకున్నారు. పైన ప్రశ్నలో "రాజీనామా చేశాక బిషప్ ఎలా అవుతారు" అన్నదానికి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

ఒక జాగ్రత్త. సీఎస్ఐ స్నేహితులు ఉంటే "అపొస్తలుల పరంపర వల్ల ఆయన బిషప్‌గా మిగిలారు" అని, అంటే బిషప్ నుంచి బిషప్‌కి తెగకుండా వచ్చిన అభిషేకం వల్ల అని, వివరించే ప్రయత్నం చేయవచ్చు. నార్వే విషయంలో అది కుదరదు. 1537లో డెన్మార్క్-నార్వే రాజ్యానికి తొలి లూథరన్ బిషప్‌లను అభిషేకించిన బుగెన్‌హాగెన్ స్వయంగా బిషప్ కాదు, పాస్టర్. ఆ పరంపర నిలిచింది స్వీడన్‌లో. నార్వేవాళ్లు ఆధారం చేసుకున్నది పరంపరను కాదు, పిలుపును, అభిషేకాన్ని, సంఘం ఒప్పుకోలును.

---

జవాబు: పాత రికార్డులు

ఎందుకు చంపలేదన్న ప్రశ్న మిగిలింది. ఈస్టర్ అయిన మూడు రోజులకు, ఏప్రిల్ 8న, ఓస్లోలోని బ్రెడ్‌ట్వెట్ జైలుకి తీసుకెళ్లారు. క్విస్లింగ్‌కి కేసు నడిపి శిక్ష వేయాలనే ఉంది. అడ్డం పడింది జర్మన్ల లెక్కే. ఓస్లోలో జర్మన్ సైన్యంలో రవాణా అధికారిగా ఉన్న థియోడోర్ స్టెల్ట్‌సర్ నిజానికి హిట్లర్ వ్యతిరేకి, నార్వే చర్చివాళ్లతో దగ్గరి పరిచయం ఉన్నవాడు. ఆయన బెర్లిన్‌కి కబురు చేశారు. జర్మన్ సైనిక గూఢచార విభాగం ఇద్దరిని ఓస్లోకు పంపింది: న్యాయవాది హెల్ముత్ ఫాన్ మోల్ట్‌కె, లూథరన్ పాస్టర్ డీట్రిక్ బాన్‌హోఫర్. ఆ విభాగం లోపలే హిట్లర్ వ్యతిరేక బృందం ఉంది. వీళ్లిద్దరూ బయటికి చెప్పిన కారణం, చర్చి మీద చేయి వేస్తే నార్వే అంతా భగ్గుమంటుంది, మన సైన్యానికే ముప్పు అని. లోపల నార్వే చర్చివాళ్లతో మాట్లాడి, వెనక్కి తగ్గవద్దని ధైర్యం చెప్పారు. ఏప్రిల్ మధ్యలో బెర్గ్‌గ్రావ్‌ను జైలు నుంచి తీసి, ఓస్లో దగ్గర ఆస్కెర్ అడవిలో ఒక కర్ర ఇంట్లో ఒంటరి నిర్బంధంలో ఉంచారు. 1945 ఏప్రిల్ దాకా అక్కడే.

వ్యాసాల్లో "మూడేళ్లు జైలు" అని ఉంటుంది. జైలులో ఉన్నది వారం పైచిలుకు మాత్రమే, మిగతాదంతా ఆ కర్ర ఇల్లు. కాపలా పోలీసుల్లో కొందరు కాలక్రమేణా ఆయన పక్షం అయ్యారు, మారువేషంలో రహస్య సమావేశాలకు వెళ్లి రావడానికి సాయం చేశారు. చివరికి తప్పించుకున్నదీ అలాగే. అక్కడ కూర్చుని రాజ్యం-మనిషి సంబంధం మీద రాసుకున్నవి యుద్ధం ముగిశాక 1945లో పుస్తకంగా వచ్చాయి.

బాన్‌హోఫర్ గురించి చెప్పేటప్పుడు "బాన్‌హోఫర్ వచ్చి బెర్గ్‌గ్రావ్‌ను విడిపించాడు" అనకండి. ఇద్దరు వచ్చారు, వెనక స్టెల్ట్‌సర్ ఉన్నాడు, అన్నిటికన్నా వెనక రాజీనామా చేసిన వందలాది పాస్టర్లు, వాళ్ల సంఘాలు ఉన్నాయి. ఆ బలం లేకపోతే వాళ్ల వాదనకు విలువే ఉండేది కాదు.

---

జవాబు: నీలి చలికాలం

ఇక్కడ అందరూ మంచి వైపే చెబుతున్నారు. 30 నిమిషాల్లో కనీసం ఐదు నిమిషాలు కష్టమైన వైపుకు కూడా ఉంచండి. లేకపోతే బెర్గ్‌గ్రావ్ పటంగా మిగులుతారు, మనిషిగా కాదు.

మొదటిది 1940 ఏప్రిల్. దాడి జరిగిన మొదటి వారంలో బెర్గ్‌గ్రావ్ రేడియోలో మాట్లాడుతూ, సైన్యంలో లేని పౌరులు జర్మన్ల మీద విధ్వంస చర్యలకు దిగవద్దన్నారు. ఆక్రమిత ప్రాంతంలో రోజువారీ పాలన చూడడానికి సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన పరిపాలనా మండలి విషయంలోనూ, ఆ వేసవిలో జర్మన్లతో జరిగిన చర్చల్లోనూ ఆయన పాత్ర ఉంది. రాజు, ప్రభుత్వం అప్పటికి ఉత్తరాన ఇంకా పోరాడుతున్నారు. యుద్ధం తర్వాత కూడా ఆయనను దీని మీద నిలదీశారు. ఆయన వైపు నుంచి చూస్తే, నిరాయుధులను ఊచకోత నుంచి కాపాడడం. అటునుంచి చూస్తే, ఆక్రమణదారుకు పని తేలిక చేయడం. రెండూ చెప్పండి. తీర్పు యూత్‌కి వదిలేయండి. 1940లో అలా మాట్లాడిన మనిషి 1942కి ఎలా వచ్చాడన్నదే అసలు ఆసక్తికరమైన విషయం.

రెండోది యూదులు. నార్వేలో అప్పుడు ఉన్న యూదులు సుమారు 2,100 మంది. 1942 అక్టోబరు 26న మగవాళ్ల అరెస్టులు, ఆస్తుల జప్తు చట్టం. నవంబరు 10న రాజీనామా చేసిన బిషప్‌లు, వేదాంత అధ్యాపకులు, చర్చి సంస్థలు కలిసి క్విస్లింగ్‌కి లేఖ రాశారు. ఇతర సంఘాలవారు కూడా తోడయ్యారు. డిసెంబరులో రెండు ఆదివారాలు చర్చిల్లో దాన్ని చదివారు. ఐరోపాలో చర్చిల తరఫున ఇంత బహిరంగంగా వచ్చిన నిరసనలు చాలా తక్కువ, ఇది నిజం. కానీ దోనావ్ అనే ఓడ నవంబరు 26నే 500 మందికి పైగా యూదులతో ఓస్లో వదిలి వెళ్లింది. పీఠాల మీద చదివేసరికి వాళ్లలో చాలామంది ఆష్విట్స్ మరణ శిబిరంలో చనిపోయి ఉన్నారు. మొత్తం మీద నార్వే నుంచి పంపినవాళ్లు 770 మందికి పైగా. బతికి తిరిగి వచ్చింది 40 మంది లోపే. బెర్గ్‌గ్రావ్ అప్పుడు ఆస్కెర్ నిర్బంధంలో ఉన్నారు కాబట్టి ఆ లేఖను ఆయన రాశారని చెప్పకండి, చాలా చోట్ల ఈ తప్పు దొర్లుతుంది. పాస్టర్ల గోప్యతా ప్రమాణం మీద, పిల్లల పెంపకం మీద నెలల్లోపే కదిలిన చర్చి, యూదుల విషయంలో అరెస్టులు మొదలయ్యాక గాని కలిసికట్టుగా నోరు విప్పలేదు. యూత్ అడిగితే ఇది దాచకుండా చెప్పడం మంచిది.

---

జవాబు: ఆగ్స్‌బర్గ్ 28

నీలి చలికాలం గారు చెప్పింది సరైనదే. యుద్ధం తర్వాతి భాగం నేను క్లుప్తంగా కలుపుతాను, ఎందుకంటే మన సంఘాలకు నేరుగా తగిలేది అక్కడే.

1946లో బైబిల్ సొసైటీల ప్రపంచ సమాఖ్య ఏర్పడితే దాని తొలి అధ్యక్షుడు బెర్గ్‌గ్రావే. 1950 నుంచి 1954 దాకా ప్రపంచ చర్చిల మండలి అధ్యక్షుల్లో ఒకరు. ఆరోగ్యం బాగోలేక ఆ సమయంలోనే ఓస్లో బిషప్ పదవి నుంచి దిగిపోయారు. 1952లో హానోవర్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య మహాసభలో రాజ్యం-చర్చి మీద ప్రసంగించారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం (ఏఈఎల్‌సీ) 1950లోనే ఆ సమాఖ్య సభ్యురాలు, కనుక ఆ సభ మనదీ. ఆ ప్రసంగంలో ఆయన హెచ్చరిక నాజీల మీద కాదు. మనిషికి అన్నీ తానే అయిపోయే సంక్షేమ రాజ్యం మీద. తన దేశంలో చాలామందికి అది నచ్చలేదు. 1959 జనవరి 14న చనిపోయారు. నార్వే చర్చి రాజ్యం నుంచి విడిపోవడం చాలా తర్వాత సంగతి: 2012లో రాజ్యాంగం మారింది, 2017 జనవరి 1 నుంచి చర్చి వేరే చట్టబద్ధ సంస్థ.

మన దగ్గరితో పోల్చేటప్పుడు జాగ్రత్త. 1842లో మిషనరీ హెయర్ గారు గుంటూరు వచ్చినప్పటి నుంచి మన సంఘం రాజ్యచర్చి కాదు. 1927లో ఏఈఎల్‌సీ ఏర్పడ్డాక కూడా మొదటి దశాబ్దాల్లో నాయకుణ్ణి అధ్యక్షుడు అనేవారు, బిషప్ పదవి తర్వాత వచ్చింది. కాబట్టి "మన బిషప్‌లు కూడా ఇలా రాజీనామా చేయాలి" లాంటి పోలిక అతకదు. వాళ్లకు తిరిగి ఇవ్వడానికి రాజముద్ర ఉంది, మనకు లేదు. అతికే పోలిక వేరే ఉంది: పదవితో వచ్చే ఆస్తి, కమిటీ, సంతకం ఒకవైపు, వాక్యం, సంస్కారాలు మరోవైపు. రెండూ ఒకరి చేతిలోనే ఉన్నప్పుడు ఏది దేనికోసం అన్న ప్రశ్న. దీన్ని యూత్ చర్చకు వదలండి, వేడిగానే సాగుతుంది.

సమయం విషయానికి వస్తే, జీవిత క్రమానికి 5 నిమిషాలు చాలు. 1940 అక్టోబరు నుంచి 1942 ఈస్టర్ దాకా 12 ఇవ్వండి. ఆగ్స్‌బర్గ్ 16, 28 చదివి వివరించడానికి 6. కష్టమైన వైపుకి 5. మిగిలిన 2 నిమిషాలు పాటకి. నిదరోస్ బయట జనం పాడిన చోట ఆపి మీ సంఘం చేత మొదటి చరణం పాడించండి, చివర్లో కాదు. పేర్లు బోర్డు మీద ముందే రాసి ఉంచండి. ఫ్యెల్‌బు, హాలెస్‌బీ, స్టెల్ట్‌సర్ మూడూ విని పట్టుకోవడం కష్టం, పేరు దగ్గర తడబడితే కథ తెగిపోతుంది.

---

మంగళగిరి రీడర్

వందనాలు అందరికీ. "జైలులో మూడేళ్లు", "యూదుల లేఖ ఆయనే రాశారు" రెండూ నా నోట్సులో ఉన్నాయి, కొట్టేశాను. ఆగ్స్‌బర్గ్ 28వ అధికరణ పెద్దది కాబట్టి, బిషప్ అధికారాన్ని, కత్తి అధికారాన్ని విడదీసే మొదటి పేరాలు మాత్రమే జిరాక్స్ తీయించి పంచుతాం.